నాన్న, అన్నయ్య, మధ్యలో ఒక రష్యన్ నవల

మా నాన్న గొంతులో మా పేటలో సగం మంది ఉండేవారు. సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో ఆయన తెలుగు మాష్టారు. హెడ్మాస్టరు దగ్గే దగ్గు, పాస్టరుగారు ప్రార్థన ముగించబోయే ముందు తీసే దీర్ఘం, పాలమనిషి వాకిట్లో నిలబడి వేసే కేక, అన్నీ ఆయన నోట అచ్చంగా పలికేవి. ఎవరింటికి వెళ్లినా కాఫీ గ్లాసు చేతికిచ్చి, “మాష్టారూ, ఫలానా ఆయన ఎలా మాట్లాడతాడో ఒకసారి” అనేవారు. ఆయన్ని రెండోసారి అడగవలసిన పని ఉండేది కాదు.

అన్నయ్యకి నత్తి. పెదాలు కలిసే అక్షరాలు వాడికి అన్నిటికన్నా పెద్ద శత్రువులు. రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చాక కూడా, బస్సులో కండక్టరుతో బన్సీలాల్‌పేట్ అనడానికి ‘బ’ దగ్గర ఇరుక్కుపోతాననే భయంతో చిలకలగూడకి టికెట్ తీసుకుని, అక్కణ్ణుంచి ఇంటికి నడిచి వచ్చేవాడు. ఎందుకు ఆలస్యమైందని అమ్మ అడిగితే బస్సు దొరకలేదనేవాడు. నాకు తెలుసు గాని నేనెప్పుడూ బయటపెట్టలేదు.

ఉద్యోగంలో చేరిన ఏడాదికే వాడు చర్చికి రావడం మానేశాడు. నమ్మకం లేని చోట మోకాళ్లూనడం తప్పన్నాడు. నాన్న సంఘంలో పెద్ద. ఆదివారం ఉదయం మేం ముగ్గురం తయారై బయల్దేరుతుంటే అన్నయ్య లుంగీతో అరుగు మీద కూర్చుని పేపరు చదువుతుండేవాడు. నాన్న ఏమీ అనేవారు కాదు. కాని దారిలో ఎదురైన ప్రతివాళ్లూ “అబ్బాయి రాలేదా మాష్టారూ?” అని అడిగేవారు. ఆయన ప్రతిసారీ ఏదో ఒక హాస్యం చెప్పి తప్పించుకునేవారు.

ఆ ఏడు క్రిస్మస్ కార్యక్రమానికి నాన్న ఒక నాటిక రాశారు. నాలుగు పుస్తకాలు చదివి, దేవుడు లేడని వాదించే కుర్రాడి కథ. సాపు ప్రతి రాసింది నేనే. ఆ కుర్రాడి వేషం నాన్నే కట్టారు. నెత్తికి నూనె రాయకుండా, చేతిలో మడిచిన పేపరుతో ఆయన వేదిక మీదికి రాగానే ఎవరి గురించో అందరికీ తెలిసిపోయింది. జనం అప్పటికే నవ్వడం మొదలుపెట్టారు. నేను పక్కన తెర తాడు పట్టుకుని నిలబడ్డాను. పాస్టరు వేషం వేసినాయన, “దేవుడు లేడని నీకెవరు చెప్పారయ్యా?” అని అడిగారు. దానికి నేను సాపు రాసిన జవాబు ఒక్క ముక్క, “మా ప్రొఫెసరు” అని. నాన్న నోరు తెరిచి “మా... మా... మా...” అన్నారు.

హాలు ఘొల్లుమంది. ఆ నవ్వు కెరటంలా వేదిక దాకా వచ్చింది. నాన్నకి అటువంటి నవ్వు వినపడితే ఇంక ఆగేవారు కాదు. మళ్లీ అన్నారు. ఈసారి తల కూడా పక్కకి వాల్చి, కన్ను మూసి, అన్నయ్య మాట కోసం తంటాలు పడేటప్పుడు ఎలా ఉంటాడో అచ్చం అలాగే.

నాకు తెర సందులోంచి హాలు చివర తలుపు కనపడుతోంది. అమ్మ పోరు పడలేక ఆ ఒక్క సాయంత్రానికి అన్నయ్య వచ్చాడు. తలుపు పక్కన నిలబడ్డాడు. కోపం కనపడలేదు ముఖంలో. తనని ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ముందుకి ఒక అడుగు వేశాడు. తర్వాత వెనక్కి తిరిగి బయటికి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక అమ్మ కంచం పెడుతూ, “వాడు వచ్చాడండీ” అంది.

“ఎక్కడికి?” అన్నారు నాన్న.

అమ్మ గరిట గిన్నెలో పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. నాన్న చేతిలోని ముద్ద కంచంలోనే పెట్టేసి లేచి చెయ్యి కడుక్కున్నారు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పెద్ద గొడవేదీ జరగలేదు. ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద కూర్చుని నా ద్వారా మాట్లాడుకునేవారు. “మీ అన్నయ్యని గొడుగు తీసుకెళ్లమనమ్మా” అనేవారు నాన్న. అన్నయ్య చెప్పులు వేసుకుంటూ, “వాన రాదని చెప్పు” అనేవాడు. నేను చెప్పనవసరం లేదు, ఇద్దరికీ వినపడుతూనే ఉండేది. అయినా నేను చెప్పేదాకా నాన్న వాడి వైపు చూస్తూ ఉండేవారు. అలా రెండో క్రిస్మస్ కూడా దాటింది. నాన్న మళ్లీ నాటిక రాయలేదు. ఎవరు అడిగినా గొంతు బాగాలేదనేవారు.

మేం బన్సీలాల్‌పేట్‌లో ఉండేవాళ్లం. మా సందు చివర పాత బావి ఒకటి చెత్తతో పూడిపోయి ఉండేది. దాని పక్క మేడ ఒక బట్టల వ్యాపారిది. జనరల్ బజార్‌లో దుకాణం. తెలుగూ ఉర్దూ రెండూ ఇష్టంగా చదివే ముస్లిం పెద్దాయన, నాన్నకి ఎన్నాళ్లనుంచో స్నేహితుడు. అందరూ సాబ్ అని పిలిచేవారు. ఆదివారం సాయంత్రాలు ఆయన మేడ మీది గదిలో చాప పరిచి ఏడెనిమిది మందిమి కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుకునేవాళ్లం. అక్కడ నాన్నదే పెద్ద గొంతు. అన్నయ్య కిటికీ పక్కన కూర్చుని వినేవాడు. చర్చి మానేశాడు గాని అక్కడికి రావడం మానలేదు. నాన్న వస్తారని తెలిసీ వచ్చేవాడు. నాన్నా వాడు వస్తాడని తెలిసే వెళ్లేవారనుకుంటాను.

తర్వాతి పుస్తకం ఏదనే మాట వచ్చిన ఒక సాయంత్రం, అన్నయ్య సంచీలోంచి లావుపాటి పుస్తకం తీసి చాప మధ్యలో పెట్టాడు. ఒకనాటి గొప్ప రష్యన్ నవల. మాస్కోలో అచ్చయిన తెలుగు అనువాదాలు ఆ రోజుల్లో వ్యాన్లలో పెట్టి ఊరూరా చవగ్గా అమ్మేవారు. గట్టి అట్ట, తెల్లటి కాగితం. నాన్న పుస్తకాన్ని తిరగేసి, వీపు మీద తట్టి, “బాగుంది. వ్యంగ్యం మీద నేను మాట్లాడతాను” అన్నారు. ఆయన దాన్ని అంతకుముందు చదవలేదు. అన్నయ్య చదివాడు.

కథ పెద్దదే గాని అందులో మాకు కావలసింది కొంచెం. పల్లెలో పొలాలున్న ముసలాయన, భార్య లేదు. మాటకారి. ఇరుగుపొరుగు జమీందార్లనీ, ఫాదరీనీ, గవర్నరునీ అనుకరించి నవ్విస్తుంటాడు. మొదటి వంద పేజీలూ మనం నవ్వుతూనే చదువుతాం. తర్వాత రాజధానిలో చదువుకున్న కొడుకు కొత్త కోటూ కొత్త ఆలోచనలూ వేసుకుని ఇంటికి వస్తాడు. విందులో, పాతిక మంది అతిథుల ముందు, ముసలాయన కొడుకు నడకనీ మాటనీ అనుకరిస్తాడు. అతిథులు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. కొడుకు బల్ల దగ్గర నుంచి లేచి, మంచులో గుర్రబ్బండి కట్టించుకుని వెళ్లిపోతాడు.

నేను ఆ ఘట్టం ఇంట్లో వంటగది గుమ్మంలో కూర్చుని చదివాను. చదివాక ముందు గదిలోకి చూస్తే నాన్న అదే పుస్తకం పట్టుకుని ఉన్నారు. మా ఇంట్లో ఒకటే ప్రతి ఉండడంతో సాబ్ దగ్గర ఇంకోటి అడిగి తెచ్చుకున్నారు. ఆయన వేలు ఒక పేజీ మీద ఉంది, కళ్లు గోడ మీద ఉన్నాయి. ఆ పేజీ ఏదో నేను దగ్గరికి వెళ్లి చూడలేదు.

మొదటి ఆదివారం ఆయన రారేమో అనుకున్నాను. వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బాగా తయారై వచ్చారు. వెక్కిరింతకి ఒక మనిషి కావాలి, వ్యంగ్యానికి ఆ మనిషిలోని ఒక గుణం చాలు అన్నారు. ఈ రచయిత కొడుకుని వెక్కిరించలేదు, వాడు అరువు తెచ్చుకున్న మాటల్ని మాత్రమే ఎండగట్టాడన్నారు. బాగానే మాట్లాడారు. కాని విందు ఘట్టం దగ్గరికి రాకుండా దాని చుట్టూ తిరిగారు.

సాబ్‌కి మా ఇంటి సంగతి తెలుసు. తెలిసే అన్నాడో, తెలియక అన్నాడో నాకు ఇప్పటికీ తేలదు. “మాష్టారూ, ఆ దావత్ కాడ ఉన్నదంతా జెర చదివి వినిపిస్తే మంచిగుంటది. తండ్రి మాటలు మీరు చదవండి. కొడుకు మాటలెవరు చదువుతరు?”

కిటికీ పక్క నుంచి అన్నయ్య చెయ్యి ఎత్తాడు.

అందరం చాప వైపు చూశాం. వాడు పుస్తకం అందుకుని, పేజీ తీసి, మొదలుపెట్టాడు. ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగలేదు. విందు బల్ల దగ్గర లేచి నిలబడిన ఆ కొడుకు మాటలు అరపేజీ ఉంటాయి. పెదాలు కలిసే మాటలన్నీ ఉన్నాయి అందులో. అన్నయ్య గొంతు ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదన్నమాట. గంభీరంగా, కొంచెం బొంగురుగా, నాన్న గొంతుకి దగ్గరగా ఉంది. ఇటు నాన్న తన వంతు వచ్చినా చదవలేదు. ఎక్కడ చదవాలో వరస తప్పిపోయారు. నేను పక్కనుంచి వేలితో చూపించాను.

ఇంటికొచ్చాక వాణ్ణి అడిగాను, ఎలా వచ్చిందని. “నా గొంతు కాదు కదా. అందుకని వచ్చింది” అన్నాడు.

రెండో ఆదివారం వాడు తన మాటల్లోనే మాట్లాడాడు. అది చాలా సేపు పట్టింది. బ్యాంకులో పనిచేసే ఒకాయన ఉండేవాడు మాతో, మంచివాడు. అన్నయ్య ఒక మాట దగ్గర చిక్కుకుంటే తొందరపడి ఆ మాట తనే అందించాడు. అది అన్నయ్య అనబోయిన మాట కాదు. సాబ్ చెయ్యి అడ్డం పెట్టి, “ఆగుండ్రి. చెప్తడు, తొందరేముంది మనకు” అన్నాడు. అందరం ఆగాం. అన్నయ్య చెప్పాడు.

వాడు చెప్పింది ఇది. రచయిత వ్యంగ్యం కొడుకు మీదా కాదు, తండ్రి మీదా కాదు. వంద పేజీల పాటు ముసలాయన హాస్యానికి మన చేత నవ్వించాడు. మనకి అలవాటు చేశాడు. విందులో కూడా అదే అలవాటున నవ్వేశాం. నవ్వేశాక చూసుకుంటే, మనం ఆ బల్ల చుట్టూ ఉన్న అతిథులం. ఆయన పట్టుకున్నది మనల్ని. చదివేవాళ్లని.

సాబ్ మెల్లగా, “నవ్వించి దొరకబట్టిండు మనల్ని. బరాబర్ చెప్పినవ్ బేటా” అన్నాడు.

నాన్న అన్నయ్య వైపు చూడకుండా, సాబ్‌తో చెబుతున్నట్టు, “ఆ తండ్రిని మరీ అంత తేలిగ్గా వదిలేయకూడదు. వచ్చే వారం చెబుతాను” అన్నారు.

ఆ వారమంతా మా ఇంట్లో ఏదో కదలాడింది. మాటలింకా నా ద్వారానే. కాని ఇప్పుడు గొడుగుల గురించి కాదు. “ముసలాయన ఆ తర్వాత కొడుకు కోసం రాజధానికి వెళ్తాడు, ఆ అధ్యాయం చదివాడేమో అడుగు” అనేవారు నాన్న. “చదివాను. తలుపు తియ్యలేదు కొడుకు. తప్పేం లేదు వాడిది” అనేవాడు అన్నయ్య. “ఆ కొడుకు తలుపవతలే నిలబడి వింటున్నాడు కదా, అది కూడా చదివాడా?” అమ్మకి ఈ గొడవ అర్థమయ్యేది కాదు. ఆమెకి తెలుగు బైబిలు తప్ప ఇంకో పుస్తకం పట్టేది కాదు. “ఎవరు ఎవరికి తలుపు తియ్యలేదే?” అని నన్ను పక్కకి పిలిచి అడిగింది. పుస్తకంలో అమ్మా అన్నాను. ఆమె నమ్మలేదు.

మూడో ఆదివారం నాన్న కాగితాలేవీ తెచ్చుకోలేదు. చాప మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నారు.

“మనిషిని చూడకుండా అనుకరించలేం” అన్నారు. “ఆ ముసలాయన కొడుకు నడక అంత బాగా చేశాడంటే, వాడు నడిచిన ప్రతిసారీ చూశాడన్నమాట. భుజం ఎటు వంగుతుందో, చెయ్యి ఎక్కడ ఆగుతుందో. తల్లి కూడా అంత చూడదు.”

“చూడ్డమే ప్రేమయితే, పోలీసులకి కూడా ఉంటుంది” అన్నాడు అన్నయ్య. ఆగాగి అన్నాడు గాని పూర్తిగా అన్నాడు. రెండేళ్ల తర్వాత నాన్నకి నేరుగా చెప్పిన మొదటి మాట అదే.

నాన్న తల ఊపారు. “నిజమే. చూడ్డమొక్కటే ఉంటే ప్రేమ కాదు. ఆయనకి భయం కూడా ఉంది. వాడు వీధిలోకి వెళితే ఎవడు నవ్వుతాడోనని భయం. చిన్నప్పటి నుంచీ అదే. బళ్లో వేసిన రోజు నుంచీ. వాణ్ణి చూసి బయటివాళ్లు నవ్వకముందే తను నవ్వేస్తే, అది ఇంట్లో నవ్వవుతుంది, అంత నొప్పి ఉండదు అనుకున్నాడు. అలా అనుకుని చేశానని కాదు. ఆ క్షణంలో ఏమీ అనుకోలేదు నేను. హాలంతా నవ్వుతోంది. ఆ నవ్వు తియ్యగా ఉంది.”

పుస్తకంలో బళ్లో వేసిన రోజు లేదు. హాలూ లేదు. ‘ఆయన’ ఎక్కడ ‘నేను’ అయిందో నాన్నకి తెలియలేదు. మిగతా అందరికీ తెలిసింది. బ్యాంకాయన తన పాదాలు చూసుకుంటున్నాడు.

అన్నయ్య ఏదో చెప్పబోయాడు. “ఆ కొడుక్కి అది తె... తె...” అని ఆగిపోయాడు. ఈసారి ఎవరూ అందించలేదు. కింద సందులో ఆటో ఒకటి హారన్ కొడుతూ పోయింది. వాడు అలాగే తల పక్కకి వాల్చి, కన్ను మూసి, ఆ అక్షరం దగ్గరే ఉండిపోయాడు. నాన్న వాడి ముఖంలోకి చూస్తున్నారు. ఆయన పెదాలు వాడి పెదాలతో పాటే కదలడం నేను చూశాను. అది వెక్కిరింత కాదు. అన్నం తినిపించేటప్పుడు పిల్లల కన్నా ముందు తల్లులు నోరు తెరుస్తారే, అలా.

“తెలీదు” అన్నాడు అన్నయ్య చివరికి. “ఆ కొడుక్కి అది తెలీదు.”

సాబ్ లేచి చాయ్ తెమ్మని కిందికి కేకేశాడు. ఇంక ఆ రోజు ఎవరూ పుస్తకం ఎత్తలేదు. చివరి అధ్యాయం వచ్చే వారానికి పెట్టుకున్నాం. ఇంటికి నడిచేటప్పుడు నాన్న ముందు, నేను మధ్య, అన్నయ్య వెనక. ఎప్పుడూ చాలా వెనక నడిచేవాడు, ఆ రోజు దగ్గరగా నడిచాడు. గుమ్మం దగ్గర నాన్న పక్కకి జరిగి వాడికి దారి ఇచ్చారు.

ఆ వారం మధ్యలో స్కూల్లో, తరగతిలో పాఠం చెబుతూ నాన్న మాట ఆపేశారు. పిల్లలు ముందు ఏదో అనుకరిస్తున్నారనుకుని నవ్వారట. ఆయన కుర్చీ పట్టుకుని పక్కకి ఒరిగాక గాని వాళ్లకి అర్థం కాలేదు.

పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట. ఆస్పత్రిలో డాక్టరు, మనం చెప్పేది ఆయనకి అర్థమవుతోంది, అన్నీ తెలుస్తున్నాయి, మాట మాత్రం దొరకడం లేదు, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. కొన్నాళ్లకి ఇంటికి తీసుకొచ్చాం. ముందు గదిలో మంచం వేశాం.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఆయన మాటలు తామే పూర్తి చేసేవారు. ఆయన “నీ...” అంటే నీళ్లా మాష్టారూ అనేవారు. కాదని తల ఊపితే, నిద్రా, నీరసమా అంటూ ఒకదాని వెంట ఒకటి అందించేవారు. ఆయన కళ్లు మూసుకునేవారు. ప్రేమతోనే చేసేవారు పాపం. అమ్మ కూడా అలాగే చేసేది.

ఒక సాయంత్రం అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చి, టిఫిన్ డబ్బా కింద పెట్టి, “ఆగమ్మా” అన్నాడు. “నోట్లో ఉన్న మాట పక్కవాళ్లు లాగేసుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంక మన ఇంట్లో ఆయన మాట ఎవరూ పూర్తి చెయ్యొద్దు.”

ఆ రోజు నుంచి వాడు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నాన్న ఒక అక్షరం మొదలుపెడితే వాడు కదిలేవాడు కాదు. అటూ ఇటూ చూసేవాడు కాదు. ఒక్కోసారి మాట వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు. రాకపోతే “పర్లేదు, తర్వాత” అనేవాడు. తొడ మీద వేలితో తాళం వేసుకుంటూ పలికితే మాట జారుతుందని తను చిన్నప్పుడు కనిపెట్టుకున్న కిటుకు ఆయనకి నేర్పాడు. ఎడమ చేత్తో నాన్న మంచం పట్టె మీద తాళం వేసేవారు.

సంఘం నుంచి ఒకాయన వచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నాతో గొంతు తగ్గించి, “మాటతో చేసిన పాపం మాట దగ్గరే కొట్టిందమ్మా” అన్నాడు. లోపల అన్నయ్యకి వినపడింది. బయటికి వచ్చాడు. “మీరు” అనే మాట కోసం చాలాసేపు కష్టపడ్డాడు. ఆయన ఎదురుగా నిలబడే ఉండవలసి వచ్చింది. “మీరు ఇంకోసారి మా ఇంటికి రావద్దు” అని వాడు పూర్తి చేశాక, ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

పాట సంగతి అమ్మ కనిపెట్టింది. సాయంత్రం ప్రార్థనలో ఆమె కీర్తన ఎత్తుకుంటే మంచం మీది నుంచి నాన్న గొంతు కలిసింది. అన్ని మాటలూ వచ్చేస్తున్నాయి. చరణం తర్వాత చరణం, ఒక్క తడబాటు లేకుండా. అమ్మ పాడడం ఆపేసి ఏడ్చింది. డాక్టరుని అడిగితే, అలా జరుగుతుంది, పాట వేరే దారిన వస్తుంది అన్నాడు.

అన్నయ్యకి కూడా పాటలో నత్తి ఉండదు. దేవుడు లేడని చెప్పి మానేసినవాడు, ఆ రోజు నుంచి సాయంత్రం దీపం పెట్టే వేళకి స్టూలు మీద కూర్చుని తండ్రితో కలిసి కీర్తనలు పాడాడు. ఇద్దరిదీ ఒకటే గొంతు. సందులో పోయేవాళ్లు ఆగి వినేవారు. ఒకసారి సాబ్ మెట్ల దాకా వచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి, పాట అయిపోయాక వెళ్లిపోయాడు. నువ్వు నమ్ముతున్నావా అని నేను అన్నయ్యని అడగలేదు. ఇంకే దారిలోనూ వాళ్లిద్దరికీ మాటలు వచ్చేవి కావు.

ఒక మధ్యాహ్నం, సెలవు రోజు, పాట అయిపోయాక నాన్న అన్నయ్య మణికట్టు పట్టుకున్నారు. ఎడమ చెయ్యి, కాని గట్టిగా పట్టుకున్నారు. “నా...” అన్నారు.

అన్నయ్య ముందుకి వంగాడు. అమ్మా నేనూ గుమ్మంలో ఉన్నాం. నాన్న మళ్లీ “నా...” అన్నారు. మెడ నరాలు పొంగాయి. మంచం పట్టె మీద తాళం వెయ్యాలంటే చెయ్యి వదలాలి, ఆయన వదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్ని మాటలున్నాయి ఆ అక్షరంతో. నాన్నా అని కొడుకుని కూడా పిలుస్తాం. నాదే తప్పు అనొచ్చు. నాటిక అనొచ్చు. నా గొంతు దాకా ఒక మాట వచ్చింది, అన్నయ్య పెట్టిన నియమం గుర్తొచ్చి ఆగాను. అన్నయ్య కదలకుండా ఆయన పెదాలనే చూస్తూ ఉన్నాడు. ఆ మాట రాలేదు. నాన్న చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగారు.

“పర్లేదు, తర్వాత” అన్నాడు అన్నయ్య.

మర్నాడు తెల్లవారేసరికి ఆయన లేరు.

సమాధుల తోటలో అన్నయ్య పాడలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ పాడలేదు. సాబ్ మేడ మీద చివరి అధ్యాయం మాట్లాడుకున్నారని బ్యాంకాయన చెప్పాడు. మేం వెళ్లలేదు. కొన్నాళ్లకి ఆ ఆదివారాలే ఆగిపోయాయి.

ఇల్లు మాత్రం నాన్నని వదల్లేదు. ముందు గదిలో మంచం తీసేశాక కూడా అందరం ఆ చోటు చుట్టి నడిచేవాళ్లం. అన్నయ్యకి కొత్త అలవాటు వచ్చింది. ఏదైనా పని చేస్తూ ఉన్నట్టుండి ఆగేవాడు, పెదాలు కదిలేవి. ఒకసారి బేగంపేటలో బస్సు కోసం నిలబడ్డప్పుడు దగ్గరగా ఉండి విన్నాను. “నా” అని మొదలయ్యే మాటలు ఒకదాని తర్వాత ఒకటి, లోగొంతుకలో, నత్తి లేకుండా అనుకుంటున్నాడు. ప్రతి మాటనీ కాసేపు పట్టి చూసి వదిలేస్తున్నాడు. అది వాడి గొంతు కాదు. నాన్నది.

“ఆ రోజు ఏదో ఒక మాట నేనే అందించి ఉండాల్సింది” అన్నాడు బస్సెక్కాక. “ఆ మాట కాకపోతే తల ఊపేవారు కదా. నేను ఆగాను. ఆగడం మంచిదనుకున్నాను.”

నేను కండక్టరుకి డబ్బులిచ్చి ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాను. ఏ జవాబైనా వాడికి ఇంకో మాట తగిలించడమే.

ఇలా సంవత్సరాలు గడిచాయి. వాడికి పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. అమ్మ వాడి దగ్గరే ఉండేది. ఒక వేసవిలో నేను వెళ్లినప్పుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం చాపల మీద పడుకుని ఉన్నాం. అన్నయ్య వంటగదిలో మంచినీళ్లు తాగుతూ ఆగిపోయాడు. పెదాలు కదులుతున్నాయి. అమ్మ చాలాసేపు చూసింది.

“ఇన్నేళ్లూ ఆ మాట కోసమేనా?” అంది.

వాడు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“అన్నం తినే వేళ దాటిపోయిందిరా ఆ రోజు” అంది అమ్మ. “మీరు పాటల్లో పడ్డారు. మీ నాన్న ఆకలికి ఆగలేడు, నీకు తెలీదా? ‘నాకు ఆకలేస్తోంది’ అనబోయాడు. అంతే. నేను పొయ్యి దగ్గరికి వెళ్దామనుకునేలోపు గోడవైపు తిరిగాడు.”

అన్నయ్య ఆమె వైపు చూశాడు. ముందు నమ్మలేదు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వు వచ్చింది వాడికి. గోడకి ఆనుకుని, గ్లాసు గట్టు మీద పెట్టి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. పిల్లలు లేచి వచ్చి ఏమైంది డాడీ అని అడిగారు. “మీ తాతయ్యకి ఆకలేసిందిరా” అన్నాడు, ఒక్క అక్షరం దగ్గర ఆగకుండా. ఆ తర్వాత వాడు అలా పెదాలు కదపడం నేను చూడలేదు. వదిన కూడా చూడలేదంది.

అమ్మ పోయి చాలా కాలమైంది. నాన్న పోయే ముందురోజు మధ్యాహ్నం, పాట మొదలుపెట్టే ముందు, ఆయనకి గిన్నెడు రాగిజావ చెంచాతో తాగించింది నేను. ఇంక చాలని ఆయన తల పక్కకి తిప్పుకున్నారు. అమ్మ నా పక్కనే కూర్చుని ఆయన గడ్డం తుడిచింది.

ఆ సంగతి నేను అన్నయ్యకి చెప్పలేదు. ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ ఒక్క అక్షరం నా నాలిక చివరకి వచ్చి ఆగుతుంది.